సంతకం విలువ: మంచు కొండకు బయలుదేరే బృందాలకు ఒక వైద్యుని మాట



ఏటా జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ జరుగుతుంది. 1938లో మొదలైన ఈ ప్రదర్శనకు కాశ్మీరు వర్తకులు శాలువలు, ఉన్ని దుస్తులు, అక్రోట్లు తెచ్చి అమ్మడం మనకు తరతరాలుగా తెలిసినదే. సరిగ్గా ఆ రోజులలోనే అటు కాశ్మీరులోని గుల్మార్గ్‌లోనూ, ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనూ, మనాలి దగ్గరి సోలంగ్ లోయలోనూ మంచు దట్టంగా పరచుకుంటుంది, స్కీయింగ్ శిక్షణ సాగుతుంది. మా తరం హైదరాబాదు వారికి ఆ మంచుతో సంబంధం నుమాయిష్‌లో కొన్న శాలువతో మొదలై దానితోనే ముగిసేది. మరీ ముచ్చటపడితే పిల్లలను లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్‌కు తీసుకువెళ్ళి, కృత్రిమ మంచులో ఒక గంట ఆడించి తెచ్చేవారు.

నేటి పరిస్థితి వేరు. గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్, యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వంటి సంఘాల ద్వారా కొండలెక్కడం, దూరాలు నడవడం అలవాటు చేసుకున్నవారు మన నగరంలో ఎందరో ఉన్నారు. వారిలో కొందరు ఇప్పుడు పదిమంది, పదిహేనుమంది కలిసి స్కీయింగ్ నేర్చుకోవడానికి బయలుదేరుతున్నారు. వారిలో యువకులతోపాటు నలభై దాటిన గృహిణులు, బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు కూడా ఉండడం నాకెంతో సంతోషం కలిగించే విషయం. కదలిక తగ్గిపోయిన ఈ కాలంలో ఎవరైనా శరీరాన్ని శ్రమపెట్టే విద్య నేర్చుకుంటామంటే వైద్యుడు వద్దనకూడదు.

అయితే ఆ ప్రయాణానికి ముందు జరిగే ఒక చిన్న వ్యవహారం నన్ను కలవరపెడుతున్నది. శిక్షణ సంస్థలు దరఖాస్తుతోపాటు వైద్యుని ధ్రువపత్రం కోరతాయి. ఆ కాగితం పట్టుకుని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల నుంచి తెలిసినవారు, తెలిసినవారికి తెలిసినవారు నా దగ్గరకు వస్తారు. కాగితం బల్లమీద పెట్టి, "డాక్టరు గారూ, ఒక్క సంతకం. రైలు ఎల్లుండే" అంటారు. ఆ కాగితం గురించే ఈ వ్యాసం. బృందంగా నేర్చుకోవడం మంచిదే. కాని సభ్యుల ఆరోగ్యం గురించిన నిజం తెలియని బృందం ఎవరినీ కాపాడలేదు.

టెలిమార్క్ అంటే ఏమిటి?

ముందుగా విద్య సంగతి చెప్పుకుందాం. స్కీలు అంటే పాదాలకు బిగించుకునే పొడవైన, సన్నని పలకలు. వాటిమీద నిలబడి మంచువాలు మీద జారుతూ దిగడమే స్కీయింగ్. ఇందులో నేడు ఎక్కువగా కనిపించేది ఆల్పైన్ పద్ధతి. అందులో బూటు ముందు భాగమూ, మడమా రెండూ పలకకు గట్టిగా బిగించి ఉంటాయి. టెలిమార్క్ పద్ధతిలో వేళ్ళ వైపు మాత్రమే బిగింపు ఉంటుంది. మడమ స్వేచ్ఛగా లేస్తుంది. మలుపు తిరిగేటప్పుడు ఒక కాలు ముందుకు, రెండవ కాలు వెనక్కు వెళుతుంది. వెనుక మడమ పైకి లేచి, మోకాళ్ళు రెండూ వంగి, శరీరం కిందికి దిగుతుంది. దేవుని ముందు ఒక మోకాలు ఆనించబోయి, ఆనించకుండా ఆగిన భంగిమను ఊహించుకోండి. మలుపు మలుపుకూ కాళ్ళు మార్చుకుంటూ అదే భంగిమ.

ఈ పేరు నార్వే దేశంలోని టెలిమార్క్ అనే ప్రాంతం నుంచి వచ్చింది. అక్కడి మోర్గెడాల్ గ్రామంలో 1825లో ఒక పేద కుటుంబంలో పుట్టిన సోంద్రే నార్‌హైమ్ ఈ పద్ధతికి ఆద్యుడిగా ప్రసిద్ధుడు. మడమ చుట్టూ పేనిన కొమ్మలతో పట్టీ కట్టి, పలక కాలినుంచి ఊడిపోకుండా, అయినా మడమ కదిలేలా ఆయన బిగింపు తయారుచేసుకున్నాడు. 1868లో నేటి ఓస్లో నగరంలో జరిగిన పోటీలో ఆయన నైపుణ్యం చూసి ప్రేక్షకులు ఆశ్చర్యపోయారు. తరువాత ఆయన అమెరికాకు వలస వెళ్ళి 1897లో అక్కడే మరణించాడు. ఇరవయ్యవ శతాబ్దంలో మడమ బిగించే ఆల్పైన్ పద్ధతి వ్యాపించి టెలిమార్క్ వెనుకబడింది. 1970లలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో కొందరు దానికి మళ్ళీ ప్రాణం పోశారు.

మన దేశంలో గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద ఉన్న స్కీయింగ్ సంస్థ, మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ వంటివి ప్రారంభ కోర్సులు నిర్వహిస్తున్నాయి. వీటిలో సాధారణంగా నేర్పేది ఆల్పైన్ పద్ధతే. టెలిమార్క్ నేర్వదలచిన బృందం శిక్షకుని, బూట్లను, బిగింపులను ముందే విచారించి కుదుర్చుకోవాలి. విదేశాలలో ఈ పని సభ్యుల సంఘాలు చేస్తాయి. అమెరికాలోని సియాటెల్‌లో 1906లో ఏర్పడిన ది మౌంటెనీర్స్ అనే సంఘంలో అనుభవం గల సభ్యులే స్వచ్ఛందంగా కొత్త సభ్యులకు కొండ విద్యలు నేర్పుతారు. ఆ నగర ప్రాంతంలో మన తెలుగువారు వేలాదిగా ఉన్నారు కనుక ఈ వ్యాసం చదివే కొందరికి ఇలాంటి సంఘాలు పరిచయమే కావచ్చు.

ఏ పద్ధతి నేర్చుకున్నా వైద్యుని దృష్టిలో రెండు ప్రశ్నలు ముఖ్యం. మొదటిది, మోకాలు తట్టుకుంటుందా? రెండవది, గుండె, ఊపిరితిత్తులు, రక్తం ఆ ఎత్తును తట్టుకుంటాయా?

మోకాలి సంగతి

స్కీయింగ్‌లో గాయపడేవారిలో ఎక్కువగా దెబ్బతినే కీలు మోకాలే. పలక ఒకవైపు, శరీరం మరొకవైపు మెలిపడినప్పుడు మోకాలి లోపలి లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి ఉంచే బలమైన పట్టీలు, తెగవచ్చు. ఆల్పైన్ బిగింపులు బలంగా పడినప్పుడు బూటును విడిచిపెట్టేలా తయారవుతాయి. టెలిమార్క్ బిగింపులలో చాలా రకాలకు ఆ ఏర్పాటు లేదు. అందువల్ల ఈ పద్ధతిలో కండరాల బలం, నెమ్మదిగా నేర్చుకోవడం మరీ అవసరం.

మన పెద్దలు గొంతుక్కూర్చుని భోంచేశారు, బట్టలుతికారు, ముగ్గులు వేశారు. పొలంలో నాట్లు వేసే తల్లులు గంటల తరబడి వంగి పనిచేశారు. నగరంలో మనం కుర్చీ నుంచి కారుకు, కారు నుంచి సోఫాకు మారుతున్నాం. మోకాలు పూర్తిగా వంగి, బరువుతో తిరిగి లేవడం మన దినచర్యలో నుంచి తప్పుకున్నది. నలభై ఏళ్ళ మనిషి నేలమీద కూర్చుని చేయి ఆనించకుండా లేవలేకపోవడం ఇప్పుడు నాకు వింతగా అనిపించడం లేదు. అటువంటి తొడ కండరాలతో మంచుమీద రోజుకు నాలుగైదు గంటలు వంగి లేవబోతే మూడవ రోజు మధ్యాహ్నానికి కండరం అలసిపోతుంది. అలసిన కండరం కీలును కాపాడదు. అలసట పెరిగిన ఆ వేళలోనే, "ఇంకొక్కసారి దిగి ఆపుదాం" అన్నప్పుడే, ప్రమాదానికి అవకాశం ఎక్కువ.

ఎత్తు సంగతి

మన హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్లు. అక్కడి కేబుల్ కారు రెండవ దశలో అఫర్వత్ కొండ దగ్గర దాదాపు 3,950 మీటర్ల దాకా తీసుకుపోతుంది. గాలిలో ఆక్సిజన్ పాలు అంతటా ఒకటే అయినా, ఎత్తు పెరిగేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. దానివల్ల గుల్మార్గ్‌లో ఒక్కొక్క శ్వాసకు మనకు అందే ఆక్సిజన్ హైదరాబాదులో అందేదానిలో సుమారు నాలుగింట మూడు వంతులే. కేబుల్ కారు పై కొసన అది మూడింట రెండు వంతులకు తగ్గుతుంది.

2,500 మీటర్లు దాటిన తరువాత ఎవరికైనా పర్వత అస్వస్థత రావచ్చు. తలనొప్పి, వికారం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం దాని లక్షణాలు. యువకుడనీ, వ్యాయామం చేసేవాడనీ అది చూడదు. ఉదయం హైదరాబాదులో విమానమెక్కి, శ్రీనగర్‌లో దిగి, సాయంత్రానికి గుల్మార్గ్ చేరి, మర్నాడు ఉదయమే కేబుల్ కారులో పై కొసకు వెళ్ళే ప్రణాళికలు నేను చూశాను. శరీరానికి సర్దుకునే వ్యవధి ఇవ్వని ప్రణాళిక అది. శ్రీనగర్ సుమారు 1,585 మీటర్ల ఎత్తు. అక్కడ ఒక రాత్రి ఆగడం, గుల్మార్గ్ చేరిన మొదటి రోజు కేవలం నడవడం మేలు. నాంపల్లిలో ఉదయం తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు గాని ఢిల్లీ చేరం. అక్కడినుంచి దశలవారీగా పైకి వెళ్ళే పాత పద్ధతిలో శరీరానికి కొంత మేలున్నది.

తలనొప్పి ఉండగా మరింత పైకి వెళ్ళకూడదు. కూర్చున్నా ఆయాసం, దగ్గు, మాటలో అయోమయం, నడకలో తూలు కనిపిస్తే తెల్లవారేదాకా చూడకూడదు. ఆ మనిషిని వెంటనే కిందికి దించాలి, ఒంటరిగా పంపకూడదు. ఎత్తు కోసం వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు మిత్రుని సంచిలో నుంచి తీసుకుని వేసుకునేవి కావు. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా వాటిని ముట్టుకోరాదు.

ఒక్క సంతకం

ఇప్పుడు కాగితం దగ్గరకు వద్దాం. కొన్నేళ్ళ కిందట నలభై ఆరేళ్ళ ఉద్యోగి ఒకరు ఇటువంటి ధ్రువపత్రంతో మా ఇంటికి వచ్చారు. "నాకే జబ్బూ లేదండీ, రోజూ పబ్లిక్ గార్డెన్స్‌లో నడుస్తాను" అన్నారు. కూర్చోబెట్టి రక్తపోటు చూస్తే 168/104. పది నిమిషాలాగి చూసినా పెద్దగా తగ్గలేదు. నేను సంతకం చేయలేదు. ఆయనకు కోపం వచ్చింది. "మా బృందంలో అందరికీ అయిపోయాయండీ, నా ఒక్కడికే మిగిలింది" అన్నారు. ఆ మాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అందరికీ "అయిపోయాయి" అన్నారు గాని, ఎవరికైనా చేతికి పట్టీ కట్టి రక్తపోటు చూశారో లేదో ఆయనకు తెలియదు. మరుసటి ఏడాది, మందులతో రక్తపోటు అదుపులోకి వచ్చాక, నేనే సంతోషంగా సంతకం చేశాను. ఆయన వెళ్ళి, నేర్చుకుని వచ్చారు.

సెలవు చీటీకి, బస్సు పాసుకు, బీమా కాగితానికి సంతకం అడిగి అడిగి మనం వైద్యుని సంతకాన్ని ఒక రబ్బరు ముద్రగా మార్చుకున్నాం. సెలవు చీటీలో అబద్ధం రాస్తే ఒక కార్యాలయానికి ఒక రోజు నష్టం. మంచు కొండమీద అబద్ధపు ధ్రువపత్రం అలాంటిది కాదు. దాన్ని నమ్మే శిక్షకుడు ఆ మనిషిని మిగతావారితో సమానంగా నడిపిస్తాడు. అక్కడ నిపుణుల వైద్యం గంటల దూరంలో ఉంటుంది, మంచు కురిస్తే దారి కూడా మూసుకుపోతుంది.

వైద్య సోదరులకు నా విన్నపం: చూడకుండా సంతకం చేయకండి. పాఠకులకు నా విన్నపం: చూడకుండా సంతకం చేసే వైద్యుని వెతకకండి. కనీసం ఈ విషయాలు చూడాలని నా అభిప్రాయం. రక్తపోటు, రక్తంలో చక్కెర, హీమోగ్లోబిన్ అందరికీ. నలభై దాటినవారికి, పొగతాగేవారికి, కుటుంబంలో గుండెజబ్బు ఉన్నవారికి ఈసీజీ, వైద్యుడు అవసరమనుకుంటే ట్రెడ్‌మిల్ పరీక్ష. ఉబ్బసం, మూర్ఛ, పాత మోకాలి గాయం, గర్భం, వాడుతున్న మందులు, పడని మందులు తప్పక అడిగి రాయాలి.

వీటిలో రెండింటి గురించి కొంచెం వివరిస్తాను. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హీమోగ్లోబిన్. గాలిలో అందేదీ తగ్గి, మోసేదీ తక్కువైతే ఆ సోదరికి రెట్టింపు భారం. ఆమె వెనుకబడితే "ఓపిక లేదు" అని నవ్వుతారు గాని, కారణం రక్తంలో ఉందని ఎవరికీ తట్టదు. రెండు మూడు నెలల ముందే పరీక్ష చేయించుకుంటే చాలామందికి ఐరన్ మాత్రలతో సరిదిద్దవచ్చు.

రెండవది సికిల్ సెల్. ఉమ్మడి ఆదిలాబాద్, ఖమ్మం జిల్లాల గిరిజన ప్రాంతాలలోనూ, ఉత్తరాంధ్ర మన్యంలోనూ ఇది ఎక్కువ. తల్లిదండ్రులలో ఒకరినుంచి మాత్రమే ఈ లక్షణం సంక్రమించినవారు మైదాన ప్రాంతంలో మామూలుగా జీవిస్తారు, తమకది ఉందని వారికే తెలియకపోవచ్చు. కాని ఎత్తైన చోట, ఆక్సిజన్ తగ్గినప్పుడు, వారిలో కొందరికి ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే ప్లీహం దెబ్బతిని హఠాత్తుగా తీవ్రమైన నొప్పి రావచ్చు. ఒక చిన్న రక్తపరీక్షతో తెలిసే విషయం ఇది. కుటుంబంలో ఎవరికైనా ఉంటే తప్పక చేయించుకోవాలి.

జబ్బును ఎందుకు దాస్తారు?

దాచేవారిని నిందించడం తేలిక. దాచడానికి కారణమేమిటో సంఘాల నిర్వాహకులు ఆలోచించాలి. నేను గమనించినంతలో కారణాలు రెండు: డబ్బు, నామోషీ.

ముందే చెల్లించిన రుసుము తిరిగి ఇవ్వబడదని నియమం పెడతారు. టిక్కెట్లు, గదులు కొన్నాక నిర్వాహకులకూ ఇబ్బందే, కాదనను. కాని ఆ నియమం సభ్యునితో చెబుతున్నదేమిటి? నిజం చెబితే నీ డబ్బు పోతుంది, దాస్తే నీ యాత్ర నిలుస్తుంది అని. నెల జీతంలో పెద్ద భాగం కట్టిన మనిషి ఆ పరిస్థితిలో ఏం చేస్తాడో ఊహించడానికి వైద్యవిద్య అక్కరలేదు. అందుకే నా సూచన ఇది. వైద్య పరీక్ష ముందు, పెద్ద మొత్తం చెల్లింపు తరువాత. పరీక్షలో ఆగవలసి వచ్చినవారి రుసుము వచ్చే ఏటికి బదిలీ చేయాలి, లేదా వారి స్థానంలో వేరొకరిని అనుమతించాలి. ఈ ఒక్క నియమం మారితే కాగితంలో నిజం పెరుగుతుందని నా నమ్మకం.

నామోషీ సంగతి ఇంకా సున్నితమైనది. షుగరు ఉందని నలుగురిలో చెప్పడానికి వెనుకాడేవారు, మూర్ఛ మందులు వాడుతున్నామని పెళ్ళి కాని ఆడపిల్లలు చెప్పలేకపోవడం మన సమాజంలో మామూలే. ఆరోగ్య వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టమనడం అన్యాయం. అవి బృంద నాయకునికి, వైద్యునికి, సభ్యుడు స్వయంగా ఎంచుకున్న ఒక జతగానికి మాత్రమే తెలిస్తే చాలు. గౌరవం ఉన్నచోటే మనిషి నోరు విప్పుతాడు.

ఎనిమిది వారాలు

మంచుమీద పాఠం ఒకటి రెండు వారాలు. దానికి ముందు ఊళ్ళో సాధన కనీసం ఎనిమిది వారాలు ఉండాలి. దానికి మంచూ అక్కరలేదు, ఖరీదైన జిమ్ కూడా అక్కరలేదు. నవంబరు మొదట్లో బృందమంతా వారానికి మూడు ఉదయాలు నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో కలుసుకుంటే చాలు.

మొదటి రెండు వారాలు అరగంట చురుకైన నడక. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం పదేసి సార్లు, మూడు విడతలు. ఒంటికాలిమీద అరనిమిషం నిలబడడం, పళ్ళు తోముకునేటప్పుడు కూడా చేయవచ్చు.

మూడవ వారం నుంచి అయిదవ వారం వరకు ఒక కాలు ముందుకు వేసి, రెండు మోకాళ్ళూ వంచి, వెనుక మడమ లేపి, మళ్ళీ లేవడం. ఇదే నేలమీద టెలిమార్క్. ముందు మోకాలు లోపలికి వాలకుండా, పాదం వేళ్ళ దిశలోనే ఉండాలి. ఒకరికొకరు ఎదురుగా నిలబడి సరిచూసుకోవాలి. ఇక్కడే బృందం ఉపయోగం మొదలవుతుంది.

ఆరవ వారం నుంచి మెట్లు. చాలామంది ఎక్కడమే వ్యాయామమనుకుంటారు. స్కీయింగ్‌కు దిగడం ముఖ్యం, ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువును ఆపుతుంది. వాలుమీద దానికి ఉండే పని అదే. నాంపల్లి మెట్రో స్టేషన్‌లో లిఫ్టు, ఎస్కలేటరు వదిలి మెట్లు వాడండి. ఆదివారం ఉదయం బిర్లా మందిరం ఉన్న నౌబత్ పహాడ్ ఎక్కి, నెమ్మదిగా, నియంత్రణతో దిగండి. తరువాత అబిడ్స్ కాలిబాటమీది పాత పుస్తకాల మధ్య ఒక గంట తిరిగితే అదీ నడకే.

మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, వాపు, మోకాలు పట్టేసినట్లుండడం, నడుస్తుంటే ఛాతీలో బరువు, అసాధారణమైన ఆయాసం కనిపిస్తే ఆగి వైద్యుని చూడాలి. ఈ సాధనలోని రహస్య ప్రయోజనం ఇదే. పరీక్షాగదిలో దాగిన జబ్బు ఎనిమిది వారాల శ్రమలో బయటపడవచ్చు. అది బయటపడే చోటు నాంపల్లి అయితే చుట్టూ ఆసుపత్రులున్నాయి.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. మనం ఆ శిఖరం ఫొటోనే గుర్తుంచుకున్నాం. దానికి వెనుక భువనగిరి కొండమీద మొదలై నెలల తరబడి సాగిన క్రమశిక్షణ, దశలవారీ ఎంపిక ఉన్నాయి. మన దక్కను రాళ్ళమీద మొదలైన సాధన హిమాలయంలో అక్కరకు వచ్చింది.

మంచుమీద బృందం చేయవలసిన పని

అక్కడికి చేరాక ప్రతి ఇద్దరూ ఒక జతగా ఉండాలి. చలిలో మనిషికి తన ముఖం తనకు కనబడదు. ముక్కు కొన, చెవి తమ్మె, చెంప తెల్లబడి మొద్దుబారితే చూసి చెప్పవలసింది జతగాడే. శరీర ఉష్ణోగ్రత పడిపోతున్నప్పుడు మూడు తడబాట్లు కనిపిస్తాయి: మాట తడబడుతుంది, చేయి తడబడుతుంది, అడుగు తడబడుతుంది. ఆ స్థితిలో ఉన్నవాడు "నాకేం కాలేదు" అంటాడు. అతని మాట నమ్మకుండా లోపలికి తీసుకుపోయి, తడిబట్టలు మార్చి, స్పృహలో ఉంటే వెచ్చని తీపి పానీయం ఇవ్వాలి. చలికి మద్యం మంచిదన్న అపోహ మనవారిలో బలంగా ఉంది. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేసి, వెచ్చగా ఉన్నట్లు భ్రమ కలిగిస్తూ లోపలి వేడిని బయటకు పంపిస్తుంది.

ఒంటికి ఆనే బట్ట నూలుది కాకూడదు. మన ఎండకు నూలు వరమే గాని, చలిలో అది చెమటను పట్టి ఉంచి ఒంటిని చల్లబరుస్తుంది. లోపల చెమట పీల్చి వదిలే బట్ట, మధ్య ఉన్ని, పైన గాలి, తడి చొరబడనిది అవసరం. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం వరకు తిప్పికొడుతుంది కనుక మబ్బు పట్టినా నల్ల కళ్ళద్దాలు తీయకూడదు. ఇన్సులిన్ వాడేవారు దాన్ని గడ్డకట్టకుండా లోపలి జేబులో పెట్టుకోవాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. పడేటప్పుడు చేతికర్రలను వదిలేయడం నేర్చుకోవాలి. వాటిని పట్టుకునే పడితే బొటనవేలి మొదట్లో లిగమెంటు తెగవచ్చు. బయలుదేరేముందు బీమా పత్రం చదవండి, చాలా పాలసీలు సాహస క్రీడలకు వర్తించవు.

అన్నిటికంటె ముఖ్యం, బృందం వేగం అందరికంటె నెమ్మదిగా ఉన్న సభ్యుని వేగమే కావాలి. ముందు వెళ్ళినవారు ఆగి ఎదురుచూసి, వెనుకవాడు చేరగానే మళ్ళీ బయలుదేరితే, విశ్రాంతి అవసరం లేనివారికే విశ్రాంతి దొరుకుతుంది. అవసరమైనవాడికి దొరకదు. అతడు వచ్చాక కూడా అయిదు నిమిషాలు ఆగండి.

"ఇన్ని నియమాలు పెడితే సాహసమేముంది? పాతికేళ్ళ కుర్రవాళ్ళకు ఈసీజీలూ, రక్తపరీక్షలూ ఎందుకు?" అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో కొంత న్యాయముంది. ఆరోగ్యవంతుడైన యువకునికి అన్ని పరీక్షలూ అవసరం లేదు, నేను వ్యాపారం కోసం పరీక్షలు రాసే పద్ధతికి వ్యతిరేకిని. పైన చెప్పిన వాటిలో చాలాభాగం ప్రభుత్వ ఆసుపత్రిలో స్వల్ప ఖర్చుతో జరిగిపోతాయి. కాని తెలిసిన ప్రమాదాన్ని ఎదుర్కోవడాన్ని సాహసమంటారు; తెలుసుకోగలిగినదాన్ని తెలుసుకోకుండా వెళ్ళడానికి ఆ పేరు తగదు.

వయసు దాటిందని, షుగరు ఉందని ఎవరినీ ఇంట్లో కూర్చోమని నేననడం లేదు. అదుపులో ఉన్న రక్తపోటుతో, సరిచేసుకున్న హీమోగ్లోబిన్‌తో, ఎనిమిది వారాల సాధనతో వెళ్ళే యాభై ఏళ్ళ మనిషి, ఏ సాధనా లేని పాతికేళ్ళ యువకునికంటె ఆ వాలుమీద నా దృష్టిలో ఎక్కువ అర్హుడు.

కనుక రాబోయే శీతాకాలానికి ప్రణాళిక వేసుకుంటున్న సంఘాల వారు దసరా నాటికే సభ్యుల ఆరోగ్య పత్రాలు సేకరించడం మొదలుపెట్టండి. సభ్యులు తమ వైద్యుని దగ్గరకు రైలుకు రెండు రోజుల ముందు గాక రెండు నెలల ముందే వెళ్ళండి. కాగితం ఇచ్చేముందు చొక్కా చేయి పైకి మడవండి, రక్తపోటు చూడమని మీరే అడగండి.